భీమిలి పేరు మోసిన గోగునార

1666 సెప్టెంబరు మొదటి వారంలో లండను నగరం తగులబడిపోయినది. మంటలు తన వీధివైపు వస్తున్నవని తెలిసి శామ్యూల్ పీప్స్ అనే నౌకాశాఖోద్యోగి తోటలో గొయ్యి తీయించి, అందులో ద్రాక్షసారాయితోపాటు తన పార్మెసాన్ చీజును కూడ పాతిపెట్టినాడు. ఈ సంగతి తన దినచర్యలో ఆయనే వ్రాసుకొన్నాడు. ఇల్లు అంటుకొంటున్నదంటే మనవారు నగల పెట్టెను, దస్తావేజుల మూటను చేతబట్టుకొని పరుగెత్తుతారు. ఆనాటి లండనులో ఇటలీ దేశపు చీజుకు అంత విలువ ఉండినది! (చీజును జున్ను అని అనువదించడం మన పుస్తకాలలో కద్దు. ఈనిన ఆవు ముర్రుపాలతో వండే మన జున్ను వేరు. పాలను విరిచి, ఉప్పునీటిలో ఊరవేసి, నెలల తరబడి మాగబెట్టే ఆ పదార్థం వేరు. కనుక చీజును చీజనియే అనడం మేలు.)

ఆ చీజు పేరు పుట్టుక తెలుసుకొనదగినది. ఉత్తర ఇటలీలో పార్మా అనే పట్టణం ఉన్నది. ఆ ఊరికి చెందినది పార్మిజానో. ఫ్రెంచివారి నోట అది పార్మెసాన్ అయినది. ఫ్రెంచివారి నుండి ఇంగ్లీషువారు పుచ్చుకొన్నారు. 14వ శతాబ్దంలో బొకాచియో తన కథాసంపుటి డెకామెరాన్‌లో ఈ చీజు తురుముతో ఏర్పడిన కొండ ఒకటి ఉన్నదని వేళాకోళంగా వర్ణించినాడు. దానినిబట్టి అప్పటికే ఆ పేరు ఎంత ప్రసిద్ధమో ఊహించవచ్చును. కాని ఆ చీజు పార్మా పట్టణంలో మాత్రమే తయారైనది కాదు. పొరుగున ఉన్న రెజ్జో, మొదెనా ప్రాంతాల పల్లెలలోనూ గోపాలకులు దానిని చేసేవారు. నేడు ఇటలీలో దాని అధికార నామం పార్మిజానో రెజ్జానో. అందులో రెండు ఊళ్ళకూ చోటు దొరికినది. ఇంగ్లీషు మాత్రం ఒక్క పార్మానే పట్టుకొన్నది. సరకు ఎక్కడెక్కడ పుట్టినదో దూరదేశపు కొనుగోలుదారునికి అక్కర లేదు. ఏ ఊరి వర్తకుడు అమ్మినాడో ఆ ఊరే సరకుకు ఇంటిపేరు.

ఈ చీజు గొడవ మనకెందుకని ఉపాధ్యాయమిత్రులు అడుగవచ్చును. మన ఉత్తరాంధ్ర తీరంలోనూ సరిగా ఇటువంటి కథే ఒకటి జరిగినది. దానిని చెప్పడానికే ఈ ఉపోద్ఘాతం. నార పంటలను గురించి ఇంగ్లీషులో వ్రాసిన పాత గ్రంథాలలో, పెద్ద నిఘంటువులలో, ‘బిమ్లిపటం జూట్’ అనే మాట కనిపిస్తుంది. వర్తకులు దానిని ‘బిమ్లి జూట్’ అనీ, ఇంకను క్లుప్తంగా ‘బిమ్లి’ అనీ వ్యవహరించినారు. ఆ పేరు గల వస్తువు ఏమిటనుకొన్నారు? శ్రీకాకుళం, విజయనగరం మెట్టభూములలో మన రైతు తొలకరికి చల్లే గోగు. మనం పప్పులో వేసుకొనే గోంగూర ఏ మొక్క ఆకో, ఆ మొక్క నారయే అది.

బిమ్లిపటం అనగా భీమునిపట్నం. ఈ ఇంగ్లీషు రూపాన్ని చూచి నవ్వుకొనేవారు ఒక విషయం గమనించాలి. భీమునిపట్నం అనే పూర్తి పేరు వ్రాతలో ఉన్నదే గాని, చుట్టుపట్ల జనం పలికేది భీమిలి. విదేశీయుల చెవినిబడినది ఈ భీమిలియే. కనుక బిమ్లి అనే రూపం దొరతనపు వికారం కాదు. అది జాలరి నోట, బండివాని నోట పలికిన జీవద్భాషకు దగ్గరి ప్రతిధ్వని. ‘పటం’ సంగతి వేరు. పట్నంలోని నకారం ఆ నోళ్ళలో నిలువలేదు. విజగపటం, కళింగపటం, మసూలిపటం, నిజాంపటం, అటు దక్షిణాన నేగపటం, లోపల శేరింగపటం, అన్నిటికీ అదే గతి పట్టినది.

ఇక ఆ సమాసంలోని రెండవ మాట. జూట్ అనేది ఇంగ్లీషు మాట అని మన విద్యార్థులు అనుకొంటారు. అది పొరుగున ఉన్న ఒరియా, వంగ భాషల సొత్తు. ఒరియాలో ఝొట, వంగభాషలో ఝుటో. వాటికి మూలం జడను, అల్లిన జుట్టును చెప్పే సంస్కృత శబ్దమని పండితులు చెబుతారు. 18వ శతాబ్దంలో ఆ మాట ఓడల కాగితాలలోనికి ఎక్కినది. ఆ శతాబ్దం చివర విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త దానిని కంపెనీ అధికారుల దృష్టికి తెచ్చినాడు. ఈ రాక్స్‌బర్గ్ మనకు పరాయివాడు కాడు. 1793లో కలకత్తా ఉద్యానానికి అధిపతి కాకముందు పన్నెండేండ్లు గోదావరి సీమలో సామర్లకోటలో కాపురముండి, మన చెట్టుచేమలను పరిశీలించినవాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించి ఆయన ప్రకటించిన మహాగ్రంథంలో మొక్కలకు తెలుగు పేర్లను కూడ ఇచ్చినాడు. మన పేర్లు ఆ పుస్తకపు పుటలలో ఉండగానే, వ్యాపారం వేరే పేర్లు వెదకుకొన్నది!

నారతో నేసిన సంచికి ఇంగ్లీషులో గన్నీ అంటారు. ఇదియు మన దేశపు మాటయే. సంస్కృతంలో గోణీ, పాణిని సూత్రాలలోనే ఈ శబ్దానికి తావున్నది. మరాఠీ, హిందీల గోణీ నుండి ఇంగ్లీషువారు గన్నీ అన్నారు. మనం గోనె అంటున్నాము. కాబట్టి ‘గన్నీ బ్యాగు’ అని బడిపిల్లవాడు పలికినప్పుడెల్ల, రెండున్నరవేల ఏండ్ల నాటి గోనె సముద్రం దాటిపోయి, వేషం మార్చుకొని తిరిగి వచ్చినదన్నమాట.

ఇచ్చట ఒక చిక్కు ఉన్నది. పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఇది తప్పక ఎదురవుతుంది గనుక కొంత ఆగి చూతము. బెంగాలులో పండే జూట్‌ను మన పుస్తకాలు జనపనార అంటున్నవి. కాని మన పల్లెలలో జనుము అనేది వేరొక పైరు. పసుపుపచ్చని పూలు పూచి, కాయలలో గింజలు గలగలలాడే చిక్కుడుజాతి మొక్క అది. పచ్చిరొట్టగా పొలంలో కలియదున్నుతారు, పశువులకు మేతగా వేస్తారు, నార తీసి త్రాళ్ళు పేనుతారు. సంస్కృత శణ శబ్దానికి ఇది చుట్టం. ఇంగ్లీషువారి సన్‌హెంప్‌లోని ‘సన్’ కూడ ఆ శణమే. బెంగాలు జూట్ మొక్క ఈ కుటుంబానిది కాదు. గోగు ఈ రెండింటికంటె వేరు. అది మందార, పత్తి, బెండల వంశంలోనిది. అనగా బెంగాలు మొక్కకు తెలుగువారు తమ జనుము పేరు తగిలించినారు. తెలుగు గోగుకు ఇంగ్లీషువారు బెంగాలు జూట్ పేరు తగిలించినారు. మూడూ వేరువేరు మొక్కలు. పేర్లు మాత్రం ఒకదాని చొక్కా ఒకటి తొడుగుకొన్నవి.

బిమ్లిపటం జూట్ అనే పేరులో, కాబట్టి, మొదటి సగం దానిని ఓడకెక్కించిన రేవుది. రెండవ సగం దానితో పోటీపడిన మరొక నారది. పండించిన నేలకుగాని, పండించినవాని మాటకుగాని అందులో చోటు లేదు. గోగు అనే రెండక్షరాలు ఎక్కడ జారిపోయినవి?

దీనికి సమాధానం ఆ పైరు నడచిన త్రోవలో ఉన్నది. ఆఫ్రికా ఖండం ఈ మొక్కకు పుట్టినిల్లని శాస్త్రజ్ఞుల నిర్ణయం. మన దేశానికి అతిప్రాచీన కాలంలోనే వచ్చి స్థిరపడినది. లిన్నేయస్ పండితుడు 1759లో దీనికి హైబిస్కస్ కన్నాబినస్ అని పేరు పెట్టినాడు. రెండవ మాటకు గంజాయిమొక్కను పోలినదని అర్థం. చీలికలైన ఆకును చూచినవారికి ఆ పోలిక వెంటనే తెలుస్తుంది. మనిషిని మించిన ఎత్తున, కొమ్మలు లేక, నిట్టనిలువుగా పెరుగుతుంది. కాండం మీద సన్నని ముళ్ళు. పువ్వు లేతపసుపు, నడుమ ముదురు ఎరుపు. పల్లెపాటలలో గోగుపువ్వుకు ఉన్న మర్యాద ఈ రంగుల పొందికవల్లనే వచ్చి ఉండాలి.

బెంగాలు జూట్‌కు గంగ, బ్రహ్మపుత్రల ఒండ్రుమట్టి కావాలి, ఎడతెగని వాన కావాలి. గోగుకు అంత వైభవం అక్కరలేదు. ఎర్రని మెట్టచేలో, తొలకరి పదును చాలు; మధ్యలో వాన ముఖం చాటువేసినా తట్టుకొంటుంది. శ్రీకాకుళం, విజయనగరం మెట్టరైతుకు దాని మీద ప్రీతి కలగడానికి కారణం ఇదియే. నాలుగైదు నెలలకు పూతకు వచ్చినప్పుడు కోయాలి. పూత ముదిరి కాయ కట్టనిస్తే నార మొరటుపోతుంది; మరీ లేతగా కోస్తే తూకం రాదు. కోసిన మొక్కలను కట్టలు కట్టి, ఆకు రాలేవరకు చేలోనే నిలిపి, తరువాత చెరువులోనో, గెడ్డలోనో ముంచి పైన బరువులు పెడతారు. రెండు మూడు వారాలు ఊరితే, నీటిలోని సూక్ష్మజీవులు బెరడులోని జిగురును తినివేసి నారను విడదీస్తవి. అప్పుడు నడుములోతు నీటిలో నిలబడి, ఒక్కొక్క కట్టను తట్టి, నారను ఒలిచి, జాడించి, దండెల మీద ఆరవేస్తారు. ఊరుతున్న గోగు వాసన తెలిసినవారికి వివరించి చెప్పనక్కరలేదు. తెలియనివారికి చెప్పినా తెలియదు. నార తీసిన తెల్లని పుల్లలు పొయ్యిలోనికి, దడికట్టడానికి. వ్యవసాయమంతటిలో మనిషి ఒంటిని ఇంతగా నానబెట్టే పని మరొకటి లేదని నా అభిప్రాయం.

ఈ విధంగా తయారైన నార సంతలలో వర్తకుల చేతికి వచ్చి, బండ్ల మీద భీమిలి చేరేది. భీమిలి సామాన్యమైన రేవు కాదు. గోస్తనీనది సముద్రంలో కలిసేచోట, పావురాలకొండ నీడలో ఉన్న ఆ ఊరిలో 17వ శతాబ్దంలోనే డచ్చివారు కోఠీ పెట్టి బట్టల వ్యాపారం చేసినారు; వారి సమాధులు నేటికిని అక్కడ ఉన్నవి. 1824 నాటి ఒడంబడికను అనుసరించి 1825లో ఆ స్థావరం ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే అక్కడ పురపాలక సంఘం ఏర్పడినది. నువ్వులు, కరక్కాయలు, బెల్లం, ఇట్లు వెనుకనున్న సీమ అంతటి సరకు ఆ రేవుకే దిగేది. ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరాన లంగరు వేసి నిలిచేవి. అలలమీద తేలే పడవలే సరకును వాటికి అందించేవి.

19వ శతాబ్దం మధ్యలో ప్రపంచానికి నారతో పెద్ద అవసరం వచ్చి పడినది. స్కాట్లండులోని డండీ పట్టణంలో, తిమింగిలపు నూనెతో జూట్‌ను మెత్తబరచి యంత్రాల మీద వడకవచ్చునని 1830ల నాటికే కనిపెట్టినారు. 1853 నుండి 1856 వరకు జరిగిన క్రిమియా యుద్ధంలో రష్యానుండి అవిసెనార, గంజాయినార రావడం ఆగిపోయేసరికి బెంగాలు జూట్‌కు పట్టాభిషేకమైనది. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మొదటి మిల్లు లేచినది. ధాన్యం, పత్తి, కాఫీగింజ, ప్రపంచమంతట ఏది కదలాలన్నా గోనె కావాలి. ఆ గిరాకీలో బెంగాలు సరకుకు తోడుగా, కొంచెం మొరటుదైనా పనికివచ్చే నార మరొకటి మద్రాసు రాజధాని ఉత్తరపు కొసన దొరుకుతున్నదని వర్తకులు గ్రహించినారు. లండనులోని దళారికి కావలసినవి రెండే సంగతులు: ఈ నార దేనికి బదులుగా పనికివస్తుంది? ఎక్కడినుండి వస్తుంది? మొదటిదానికి జవాబు జూట్. రెండవదానికి జవాబు బిమ్లిపటం. ఆ రెండు జవాబులను ప్రక్కప్రక్కన వ్రాస్తే పేరు సిద్ధమైనది. పార్మా చీజుకు జరిగినదే ఇదియు. భీమిలి పట్టణంలో గోగుచేలు ఎన్ని ఉండినవని ఎవరూ అడుగలేదు.

మన సీమలో తరువాత మిల్లులు కూడ వచ్చినవి. భీమిలి ప్రక్కన గోస్తనీ తీరాన చిట్టివలసలో, విజయనగరం దాపున నెల్లిమర్లలో లేచిన మిల్లులు ఎన్నో పల్లెలకు అన్నం పెట్టినవి. సైరను మ్రోతనుబట్టి ఇంటి పనులు చేసుకొన్న తరాలు ఆ ఊళ్ళలో గడచినవి. బొబ్బిలి, సాలూరు, రాజాం ప్రాంతాలలోను మిల్లులు వెలసినవి. నారకు గిరాకీ ఊరిలోనే ఉన్నది గనుక, గోగు మెట్టరైతుకు రొక్కం తెచ్చే పైరైనది. దసరానాటికి నార అమ్మితే చేతిలో నాలుగు రూపాయలాడేవి.

అయితే బిమ్లి అనే పేరుకు ఏకచ్ఛత్రాధిపత్యం ఎన్నడూ లేదు. ఇదే నారను బొంబాయివైపు కొన్నవారు ‘దక్కన్ హెంప్’ అన్నారు. మరాఠీ మాటను పట్టుకొని ‘అంబారి’ అన్నారు. జావా దీవిలో కొన్నవారు ‘జావా జూట్’ అన్నారు. బెంగాలులో మెస్తా. పారసీకంలో కెనాఫ్. మన తెలుగులోనే చూడండి: కోస్తాలో గోంగూర, తెలంగాణంలో పుంటికూర. పూసా పరిశోధనాలయంలో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్, గేబ్రియెల్ హోవర్డ్ దంపతులు 1911లో ఈ మొక్కలోని రకాలను, దీని సోదరియైన ఎర్రగోగులోని రకాలను వేరుపరచి వర్ణించినారు. ఆ శాస్త్రపరిశీలన జరిగే నాటికి ఎవరి పేరు వారిదిగా లోకం సాగుతున్నది.

ఈ పోటీలో భీమిలి ఓడిపోవడానికి రెండు మూడు కారణాలు కలిసివచ్చినవి. 19వ శతాబ్దం చివర రైలుమార్గం వచ్చి సరకును రేవుకు పోకుండ మళ్ళించినది. 1933లో విశాఖపట్టణపు ఓడరేవు తెరువబడినది. ఒడ్డుననే ఓడ నిలిచే సౌకర్యం పాతిక కిలోమీటర్ల దూరంలో ఉండగా అలలమీద పడవలతో పనియేమి? పేరు పెట్టిన రేవే పడుకొన్నది. 1940ల యుద్ధకాలంలో ఆసియానుండి జూట్ రాదేమోనని భయపడిన అమెరికావారు తమ చేరువలోనే ఈ మొక్కను పెంచాలని పరిశోధనలు మొదలుపెట్టినారు. వారు ఎన్నుకొన్న పేరు కెనాఫ్. నేడు ప్రపంచ శాస్త్రసాహిత్యంలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పట్టికలలో, ఆ పేరే రాజ్యమేలుతున్నది. 1947లో దేశవిభజన జరిగినప్పుడు జూట్ పండే పొలాలలో పెద్దభాగం తూర్పు పాకిస్తానుకు, మిల్లులు మనకు దక్కినవి. మిల్లుల ఆకలి తీర్చడానికి ప్రభుత్వం గోగుసాగును దేశంలో ఎన్నో చోట్ల ప్రోత్సహించినది. మన రైతుకు అది మేలుకాలమే. కాని కలకత్తా కార్యాలయాలలో ఆ పంటకు అధికార నామం మెస్తా అయినది. ఆంధ్ర నారకు మాత్రం వర్తకుల వాడుకలో బిమ్లి అనే మాట చాలకాలం నిలిచినది.

ఒక విచిత్రం. మన శ్రీకాకుళం పట్టణానికే ఇంగ్లీషు కాగితాలలో చికకోల్ అనే పేరుండినది. చికకోల్ సర్కారు, చికకోల్ మస్లిన్, చికకోల్ రోడ్డు రైలు స్టేషను. ఈ చికకోల్ కూడ గాలిలోనుండి ఊడిపడలేదు. నేటికిని పల్లెజనం నోట వినవచ్చే సిక్కోలుకు అది నకలు. 1950 ఆగస్టు 15న కొత్త జిల్లా ఏర్పడినపుడు దానికి శ్రీకాకుళమనియే పేరు వచ్చినది. ఆమదాలవలసలోని స్టేషను శ్రీకాకుళం రోడ్డు అయినది. ఊరిపేరు సంస్కరింపబడినది, మంచిదే. కాని చికకోల్ మస్లిన్ అనే పాత పేరు వెనుక ఉన్న ఊరు ఏదో ఇప్పుడు విప్పి చెప్పితే తప్ప తెలియదు. పొందూరు సన్ననూలు నేతను ఎరిగినవారుకూడ రెండింటికీ సంబంధం కలుపుకోలేకపోతారు. బిమ్లి జూట్‌కును అదే జరుగుతున్నది.

పార్మా చీజు కథ మాత్రం వేరు మలుపు తిరిగినది. ఇంగ్లీషులో పార్మెసాన్ అనే మాట క్రమంగా, ఎక్కడ చేసినదైనా సరే, తురుముకొని చల్లుకొనే గట్టి చీజుకెల్ల సామాన్యనామం కాసాగినది. ఇటలీవారు ఊరకొనలేదు. 1996లో ఐరోపా చట్టం క్రింద తమ పేరుకు రక్షణ సంపాదించినారు. 2008లో ఐరోపా న్యాయస్థానం, పార్మెసాన్ అనే మాట వింటే రక్షితమైన ఇటలీ పేరే మనసుకు తోస్తుంది గనుక ఐరోపాలో ఇతరుల చీజుకు అది చెల్లదని తీర్పు చెప్పినది. అమెరికాలో మాత్రం నేటికీ ఎవరైనా తమ చీజును పార్మెసాన్ అని అమ్ముకోవచ్చును. పేరు అనేది పొలం వంటి ఆస్తి అనే స్పృహ వారికి కలిగినది. గట్టు జరిపినవాని మీద వ్యాజ్యం వేసినారు. మన దేశంలోనూ భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చినది, 2003లో అమలైనది. మన ప్రాంతంలోనే బొబ్బిలి వీణకు, బూడితి కంచు ఇత్తడి పనితనానికి ఆ గుర్తింపు లభించినది. బిమ్లి జూట్‌కు అటువంటి భాగ్యం కోరడానికి పేరే మిగులలేదు. పేరు మిగిలినా పంట మిగలాలి గదా!

పంట సంగతి తలచుకొంటే మనసు చివుక్కుమంటుంది. 1987లో ధాన్యం, చక్కెర వంటివాటిని నార సంచులలోనే నింపాలని పార్లమెంటు చట్టం చేసినది గాని, ప్లాస్టిక్ సంచి వెల్లువను అది పూర్తిగా ఆపలేకపోయినది. చెరువులలో గోగు ఊరవేయడానికి నీరు చాలదు. చాలినచోట చేపల పెంపకందారులు ఒప్పుకొనరు. నడుములోతు మురుగునీటిలో నిలబడే పనికి మనుషులు రారు, రాకపోవడం తప్పనలేము. మొక్కజొన్న, నీలగిరి, సరుగుడు తోటలు ఆ మెట్టచేలను ఆక్రమించినవి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. తక్కినవాటిలో కొన్ని మూస్తూ తెరుస్తూ ఊగిసలాడినవి. ఒక పైరు పోతే దానితో కూడిన మాటలు పోతవి: గోగుకట్ట, గోగుపుల్ల, నార జాడింపు. మూడవ తరగతి పిల్లవానికి జనపనార అనగానే బెంగాలు పటం చూపిస్తున్నాము. వాని తాత ఒంటిని నానబెట్టిన పంటకు లండను బజారులో ఒక పేరుండెననీ, ఆ పేరు ప్రక్క ఊరిదేననీ చెప్పేవారు ఉండాలి. ఆ పిల్లవాడు భూగోళం చదవడానికి అంతకంటె మంచి దారి నాకు తోచదు.

అయినను కథ ఇక్కడితో ముగియలేదు. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం గోగు మీద ఎన్నో ఏండ్లుగా పనిచేస్తున్నది. అక్కడ రూపొందిన ఎర్రగోగు రకాలకు ఏ.ఎం.వి. అనే మూడక్షరాలతో, ప్రక్కన అంకెతో పేర్లు పెట్టినారు. ఆ మూడక్షరాలు ఆమదాలవలసకు పొడి రూపం. పూర్వం రేవు పేరు పెట్టినారు. ఈమారు విత్తనం పుట్టిన ఊరి పేరు పెట్టినారు. విత్తనాల సంచిమీది ఆ అక్షరాల అర్థం ఎందరు రైతులు ఎరుగుదురో!

ఇక మిగిలినది ఆకు. గోఁగు, కూర, ఈ రెండు కలిసి గోంగూర. వ్యాకరణం చెప్పే పంతులుగారికి అరసున్న ఏమి పనిచేస్తుందో చూపించడానికి ఇంత రుచికరమైన ఉదాహరణ దొరకదు. గోగునార సముద్రం దాటినప్పుడు దానితో తెలుగువాడు వెళ్ళలేదు. మూటకట్టి పడవకెక్కించి ఒడ్డుననే నిలబడిపోయినాడు. అవతలి ఒడ్డున పేరు అడిగినప్పుడు చెప్పడానికి మనిషి లేడు. గోంగూర విషయంలో అట్లు కాలేదు. ఆకు వెంట మనిషి కూడ వెళ్ళినాడు. అమెరికాలో తెలుగువారు తిరిగే పచారీ కొట్లలో ఊరగాయ సీసాల వరుసలో చూస్తే, ఇంగ్లీషు లిపిలో, ఏ మార్పూ లేకుండ, గోంగూర అనియే అచ్చువేసి ఉంటుంది. పెరట్లో విత్తనాలు చల్లుకొన్నవారు ఆ దేశపు ఇరుగుపొరుగువారికి ఆకు పంచిపెట్టేటప్పుడు చెప్పే పేరు కూడ అదే.